వదిన నోరు, అన్నయ్య నెత్తురు

మా రుఫీనా వదిన నోటికి జడవని మనిషి దగూపాన్ ఊరి చేపల బజారులో లేడు. బంగుస్ చేపని వీపువైపు నుంచి చీల్చి, రెండు పక్కలుగా తెరిచి, చిన్న పట్టకారుతో ముళ్ళు ఒక్కొక్కటే లాగుతూ కూచుంటుంది. చెయ్యి ఎంత నెమ్మదో నోరు అంత దురుసు. కొనడానికి వచ్చినవాడు చేప కన్ను నొక్కి చూశాడా, పెళ్ళిచూపులకి వచ్చావా, చేప కొనడానికి వచ్చావా అంటుంది. బేరం తెగేలోపు వాడి చొక్కా గుండీల దగ్గర్నుంచి వాళ్ళ అత్తగారి దాకా అందరినీ కడిగేస్తుంది. అయినా జనం ఆవిడ బల్ల దగ్గరే మూగుతారు. ఆవిడ ముళ్ళు తీసిన చేపని పసిపిల్లవాడికి ధైర్యంగా పెట్టొచ్చు.

ఆవిడ నాకు వదిన అయింది కూడా ఆ నోటి పుణ్యమే. మా అన్నయ్య అన్సెల్మో ట్రైసికిల్ నడిపేవాడు. సముద్రం పోటెక్కి నది నీళ్ళు వీధుల్లోకి వచ్చిన ఒక రోజు, అన్నయ్య బండి చిమ్మిన బురదనీళ్ళు ఆవిడ చేపల గంపలో పడ్డాయి. ఆవిడ బజారంతా వినేలా అన్నయ్యని, బండిని, ఆ బండి తయారుచేసినవాణ్ణి తిట్టింది. అన్నయ్య బండి ఆపి, దిగి, చేతులు కట్టుకుని మొత్తం విన్నాడు. మర్నాడు పనేమీ లేకపోయినా మళ్ళీ వచ్చి నిలబడ్డాడు. ఏం కావాలని ఆవిడ అడిగితే, నిన్న మీరు ఇంకా ఏదో చెప్పాలనుకుని ఆపేసినట్టున్నారు, అది వినిపోదామని వచ్చాను అన్నాడట. ఏడాది తిరిగేసరికి పెళ్ళయిపోయింది.

వాళ్ళ ఇంటికీ నా ఇంటికీ మధ్య చెక్క పలకల గోడ. నేను బడిపిల్లల బట్టలు కుడతాను, పగలంతా మిషను దగ్గరే ఉంటాను. వదిన బజారు నుంచి వచ్చిన దగ్గర్నుంచీ గోడకి అవతల తిట్లు మొదలయ్యేవి. తడి తువ్వాలు మంచం మీద ఎందుకు పడేశావు, అన్నం మాడుతుంటే ముక్కు ఎక్కడ పెట్టుకున్నావు, ఆ కోడిపుంజుని నాకంటే ఎక్కువ నిమురుతున్నావేం. అన్నయ్య "అవునవును" అంటూ ఉండేవాడు. వాళ్ళకి పిల్లలు లేరు. ఆ ఇంట్లో ఆ తిట్లే లేకపోతే చప్పుడన్నది ఉండేది కాదు. కొత్తలో నాకు అన్నయ్య మీద జాలేసేది. తర్వాత్తర్వాత అర్థమైంది, వదిన ఊరెళ్ళిన రోజు ఆయనకి అన్నం సయించేది కాదు.

అటువంటి మనిషికి కిడ్నీలు పోయాయి. చిన్నప్పుడెప్పుడో వచ్చిన జబ్బు లోలోపలే నమిలేసిందని చెప్పారు. వారానికి రెండుసార్లు ఆసుపత్రిలో మిషను పక్కన పడుకోబెట్టి రక్తం శుభ్రం చేసేవాళ్ళు. మేం కిడ్నీ అంటే మూత్రానికే అనుకున్నాం. కానీ ఆయన ఒంట్లో నీటి కంటే ముందు రంగు పోయింది. పెదవులు, గోళ్ళు, చెవి తమ్మెలు అన్నీ తెల్లబడ్డాయి. నాలుగడుగులు వేస్తే ఆయాసం. రక్తం ఊరడానికని నర్సు పొట్ట దగ్గర ఒక సూది వేసేది. ఆ సూది మందు దొరకని నెలల్లో రక్తమే ఎక్కించాలి, ఎక్కించాలంటే ఇచ్చేవాళ్ళని మనమే తెచ్చుకోవాలి. వదిన రేవుకి వెళ్ళి చేపలు దించేవాళ్ళ ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "నా బంగుస్ తిని పెంచుకున్న నెత్తురేగా, ఒక సంచీడు వెనక్కివ్వండి" అంది. ఆ వారం ఆసుపత్రిలో రక్తం ఇవ్వడానికి వచ్చినవాళ్ళ వరస మెట్లదాకా ఉంది.

కిడ్నీ నేనిద్దామనుకున్నాను. నాకు చక్కెర జబ్బుందని మొదటి గదిలోంచే వెనక్కి పంపేశారు. వదినది సరిపోయింది. మనీలాలో పెద్దాసుపత్రి వాళ్ళు ఆవిణ్ణి ఒంటరిగా కూచోబెట్టి, మిమ్మల్ని ఎవరైనా బలవంతపెట్టారా, మీవారు గానీ ఆయన వైపు వాళ్ళు గానీ ఒత్తిడి తెచ్చారా అని అడిగారు. అలా అడగడం వాళ్ళ పద్ధతి. వదిన ఒంటికాలి మీద లేచింది. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో బలవంతపెట్టేదాన్ని నేనే, ఆయనకి అంత చేతనైతే ఇంత జబ్బెందుకు తెచ్చుకుంటాడు అని అడిగింది. వాళ్ళు సంతకం పెట్టి పంపేశారు.

ఆపరేషన్ బాగా జరిగింది. నెలలు గడిచేకొద్దీ అన్నయ్య మొహానికి రంగు తిరిగింది. మొదట పెదవులు, తర్వాత బుగ్గలు. ఎవరూ సూది వేయకుండానే ఒంట్లో రక్తం ఊరుతోందంటే మేం దేవుడికి మొక్కుకున్నాం. బజారులో వాళ్ళు మాత్రం మరోలా వేళాకోళం చేశారు. రుఫీనా కిడ్నీ పెట్టారుగా, ఇక చూడండి, అన్సెల్మో కూడా తిట్టడం మొదలుపెడతాడు అన్నారు. అన్నయ్య మళ్ళీ బండెక్కాడు. వదిన మళ్ళీ తువ్వాలు గురించి, కోడిపుంజు గురించి మొదలుపెట్టింది. గోడకి ఇవతల మిషను తొక్కుతూ నేను ఎన్నిసార్లు నవ్వుకున్నానో.

ఏడాది దాటాక మామూలుగా చూపించుకోవడానికి మనీలా వెళ్ళారు. ఆ రోజు డాక్టరు గది ముందు సంతలా జనం. డాక్టర్ కబాన్సాగ్ అని చిన్నపిల్ల, మంచిది, మాట మృదువు. కాగితాలు చూసి, "తాతాయ్, నాన్నగారూ, మీ రక్తం ఎక్కువైంది, బాగా పైకెక్కింది. రోజూ ఈ మాత్ర వేసుకోండి, నీళ్ళు బాగా తాగండి" అందట. ఇంకేదో కూడా చెప్పిందిట గానీ, ఆ మొదటి మాట దగ్గరే వదిన చెవులు మూసుకుపోయాయి.

ఎందుకంటే మా ఊళ్ళో నెత్తురుకి ఉన్నవి రెండే జబ్బులు, హైబ్లడ్, లోబ్లడ్. రక్తపోటు ఎక్కువైతే హైబ్లడ్. ముక్కు మీద కోపం ఉన్నవాడూ హైబ్లడ్డే. రక్తపోటు పడిపోతే లోబ్లడ్. ఒంట్లో రక్తం చాలక పాలిపోయినా అదీ లోబ్లడ్డే. ఏది ఏ రకమని ఎవరూ విడదీసి అడగరు. మొదటిదానికి ఉప్పు మానాలి, కోపం తెప్పించకూడదు. రెండోదానికి కార్జం తినాలి, మునగాకు తాగాలి. పైగా డాక్టరు రాసిన మాత్ర మా వీధిలో హైబ్లడ్ ఉన్న ప్రతి ఇంట్లోనూ ఉంది, నా డబ్బాలోనూ ఉంది. ఇక అనుమానం ఎవరికి వస్తుంది?

వదిన బస్సు దిగి తిన్నగా నా దగ్గరికి వచ్చింది. మొహం మాడిపోయి ఉంది.

"ఒనోరా, మీ అన్నయ్యకి హైబ్లడ్ వచ్చిందే" అంది. "మా నాన్నకి ఉన్నదే."

ఆ మాట వినగానే కుడుతున్న బట్ట పక్కన పెట్టేశాను. వాళ్ళ నాన్న చేపల చెరువులకి కాపలా ఉండేవాడు. అలాంటి నోరే ఆయనదీ. వదినకి పద్దెనిమిదేళ్ళప్పుడు తండ్రీకూతుళ్ళు చెరువు గట్టు మీద దేనికో అరుచుకున్నారు. ఒకరు తగ్గితే ఒకరు అందుకునేవాళ్ళు. ఆవిడ ఏదో అనేసి గట్టు దిగి వెళ్ళిపోతుంటే వెనక ధబ్బుమని చప్పుడైంది. హైబ్లడ్ మనిషిని రెచ్చగొడితే తలలో నరం తెగదా అని ఊళ్ళోవాళ్ళు ఆవిడ ఎదుటే అనుకున్నారు. ఇది ఆవిడ నాకు ఒక్కసారే చెప్పింది, అన్నయ్యకి ఎప్పుడూ చెప్పలేదు. ఆయనకి తెలిసినదల్లా మావగారు హైబ్లడ్‌తో పోయారని.

ఆ రోజు నుంచి గోడకి అవతల నిశ్శబ్దం. ఉప్పు పండే జిల్లాలో పుట్టి ఉప్పు లేని కూరలు వండింది వదిన. మా ఇళ్ళల్లో చేపల ఉప్పు ముద్ద లేకుండా కూర దించం, ఆ జాడీ తెచ్చి నా వంటింట్లో పెట్టేసింది. దానికంటే ఘోరం, గొంతు మార్చేసింది. "తువ్వాలు ఇలా ఇస్తావా, నేను ఆరేస్తాను" అని వెన్న రాసినట్టు మాట్లాడేది. ఆ గొంతు ఆవిడది కాదు, ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టుంది.

కానీ ఊరిన తిట్లు ఎక్కడికి పోతాయి? నా దగ్గరికి వచ్చేవి. అన్నయ్య బండి తీసుకుని వెళ్ళగానే వదిన పెరటి గుమ్మంలోంచి దూసుకొచ్చి తలుపు వేసేది. "బుద్ధుందా నీకు? తడి తువ్వాలు మంచం మీదా? నా ఎముకలు నానబెడదామనా?" అని నా మీద విరుచుకుపడేది. నేను మిషను ఆపి, అన్నయ్యలాగా "అవునవును" అనేదాన్ని. మొత్తం కక్కేశాక మూతి తుడుచుకుని, బట్టలు సర్దుకుని, మెత్తటి గొంతు మళ్ళీ తగిలించుకుని వెళ్ళిపోయేది. పుట్టి బుద్ధెరిగాక నేను తడి తువ్వాలు మంచం మీద వేసింది లేదు. నా ఖర్మ కాకపోతే అన్నయ్య తిట్లన్నీ నేను తినడం ఏమిటి? అయినా కాదనబుద్ధి కాలేదు. తిట్టి వెళ్ళేటప్పుడు ఆవిడ అన్నయ్య బండి వచ్చిందేమోనని వీధిలోకి తొంగి చూసేది.

కొన్నాళ్ళకి అన్నయ్య వచ్చాడు. మొహం ఎర్రగా, కళ్ళు ఇంకా ఎర్రగా ఉన్నాయి. గుమ్మంలో చెప్పులు విడవకుండా నిలబడ్డాడు.

"మీ వదినకి నామీద మనసు విరిగిపోయిందేమో, ఒనోరా."

అదేం మాటన్నాను.

"తిట్టడం లేదు" అన్నాడు. "నిన్న అన్నం కావాలనే మాడబెట్టాను. పర్లేదులే అంది." గడప మీద కూచున్నాడు. "కిడ్నీ ఇచ్చినవాళ్ళకి తర్వాత తర్వాత దిగులు పట్టుకుంటుందట. ఎందుకిచ్చానా అని. నాకు తలనొప్పిగా ఉంటోంది, చెవుల్లో హోరు. చెప్తే తనిచ్చింది పాడుచేశాననుకుంటుంది. నువ్వూ చెప్పకు."

నాకు ఇద్దర్నీ కూచోబెట్టి చెరొకటి అంటించాలనిపించింది. కానీ వదిన నాతో ఒట్టు వేయించుకుంది, ఆయనకి హైబ్లడ్ గురించి దిగులు పెట్టే మాట ఏదీ అననని. ఇప్పుడు ఈయన ఒట్టు. ఒకళ్ళనొకళ్ళు కాపాడుకుంటున్నామనుకుంటూ ఇద్దరూ నన్ను మధ్యలో నొక్కేశారు. తలనొప్పి హైబ్లడ్‌కి మామూలేగా అని నాకు నేను సర్ది చెప్పుకున్నాను.

ఇంతలో పెర్లా వచ్చింది. మా పేటకి ఆరోగ్యం చూసే ఆవిడ, చేతికి పట్టీ చుట్టి రక్తపోటు చూసే మిషను ఆవిడ దగ్గరుంటుంది. చూసి, అన్నయ్యకి హైబ్లడ్ ఎక్కడుంది, పైగా కాస్త కిందకే ఉంది, లోబ్లడ్ అంది. తప్పు పట్టడానికి లేదు. ఆవిడ మిషను సరిగ్గానే చెప్పింది, మాటే మాకు తప్పుగా చేరింది. వదిన సంబరం చూడాలి. మాత్రలు పనిచేశాయి, హైబ్లడ్ పోయింది, ఇంకా వేస్తే మరీ దిగిపోతుంది అని అటక మీద పడేసింది. ఇక లోబ్లడ్‌కి వైద్యం మొదలైంది. పొద్దున మునగాకు రసం. మధ్యాహ్నం ఉల్లిపాయలతో వేయించిన గొడ్డుమాంసం, కార్జం. ఆదివారాలు పంది నెత్తురుతో వండిన పులుసు, అందులోకి ఆవిరి మీద ఉడికించిన తెల్లటి బియ్యప్పిండి పుతో. రాత్రి గర్భిణులకిచ్చే ఇనుము మాత్ర, అది పెర్లా సంచిలోదే. అన్నయ్య వద్దనకుండా తిన్నాడు. ఉప్పు జాడీ కూడా తిరిగి వెళ్ళింది.

ఇప్పుడైనా తిట్టొచ్చు కదా వదినా అన్నాను. లోబ్లడ్ మనిషిని అదిరిస్తే కళ్ళు తిరిగి పడిపోతాడు, నీకేం తెలుసు అంది. హై అయినా లో అయినా నాకు విముక్తి లేదన్నమాట.

ఎవరు చూసినా అన్నయ్యని మెచ్చుకునేవాళ్ళే. ఉడికిన రొయ్యలా ఉన్నావయ్యా, ఏం తినిపిస్తోంది మీ ఆవిడ అనేవాళ్ళు. తెల్లగా పాలిపోయిన మొహాన్ని అన్నేళ్ళు చూసి చూసి, ఎరుపు ఎంత ఎక్కువైతే అంత ఆరోగ్యం అనుకున్నాం మేమంతా. ఆ ఎరుపు బుగ్గల్లోంచి చెవులకి, మెడకి, అరచేతులకి పాకింది. ఇది మరీ ఎక్కువ కదా అని ఒక్కరికీ తోచలేదు.

ఒక ఉదయం అన్నయ్య బండి ఆపుకుని దిగబోయి దిగలేకపోయాడు. ఎడమ పిక్క రాయిలా బిగిసి వాచిపోయింది. నలుగురు మోసుకొచ్చారు. వదిన ఆ వాపు చూసింది. అన్నయ్య కిడ్నీలు పోయిన రోజుల్లో ముందు కాళ్ళే వాచేవి. ఆవిడ నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళింది. నా రెండు మణికట్లూ పట్టుకుంది.

"పోయిందే, ఒనోరా. నాది కూడా పోయింది." ఒక చెయ్యి వదిలి తన నడుం తడుముకుంది. "ఇంకొకటుంది నా దగ్గర. అది వాళ్ళు తీసుకోరు. నేనడిగాను అప్పుడే. రెండోది ఇస్తే నువ్వు బతకవన్నారు. ఇప్పుడేమిచ్చి నిలబెట్టుకోను?"

నేను ఏడ్చాను.

వ్యాను మాట్లాడుకుని ముగ్గురం మనీలా బయల్దేరాం. దారి పొడుగునా ఆవిడ అన్నయ్య కాలు ఒళ్ళో పెట్టుకుని కూచుంది. ఆయన కిటికీలోంచి చూస్తున్నాడు. వాళ్ళిద్దరినీ అంత సేపు నిశ్శబ్దంగా నేనెప్పుడూ చూడలేదు, చూడాలనీ లేదు.

ఆసుపత్రిలో కాలికి బొమ్మ తీశారు, రక్తం తీశారు. కాలి నరంలో నెత్తురు గడ్డకట్టిందని, అది కరగడానికి సూదులు వేస్తున్నామని చెప్పారు. తర్వాత డాక్టర్ కబాన్సాగ్ కాగితాలతో వచ్చింది. మంచానికి ఆవైపు నేను, ఈవైపు వదిన. ఆ పిల్ల అడిగిన మొదటి ప్రశ్న, మాత్ర వేసుకుంటున్నారా అని.

లేదండీ, హైబ్లడ్ పోయింది, లోబ్లడ్ వచ్చింది, అందుకని ఆపాం అంది వదిన. ఏమేం తినిపిస్తోందో కూడా వరసగా చెప్పింది, కార్జం, నెత్తురు పులుసు, ఇనుము మాత్ర. తన జాగ్రత్త తెలియాలని చెప్పింది పాపం. డాక్టరు మొహం రంగు మారుతుంటే ఆవిడ మాట సన్నబడి ఆగిపోయింది.

డాక్టరు స్టూలు లాక్కుని కూచుంది. బయట పిలుస్తున్నా లేవలేదు.

"నానాయ్, అమ్మా, తప్పు నాది. ఎక్కువైందన్నాను గానీ ఏది ఎక్కువైందో చెప్పలేదు" అంది. "రక్తపోటు కాదు. కోపం కాదు. ఒంట్లో రక్తమే ఎక్కువైంది. చిక్కబడిపోయి పాకంలా తయారైంది."

అప్పుడు నిదానంగా చెప్పింది. కిడ్నీ మూత్రం పోయడంతో ఊరుకోదట. రక్తం చాలడం లేదు, ఇంకా చెయ్యండి అని ఎముకల్లోని మూలుగకి ఒక రసం ద్వారా కబురు పంపుతుందట. అన్నయ్య కిడ్నీలు పోయినప్పుడు ఆ కబురు ఆగిపోయింది, అందుకే తెల్లబడిపోయాడు, అప్పుడు పొట్ట దగ్గర వేసిన సూది ఆ కబురుకి బదులే. కొత్త కిడ్నీ రాగానే కబురు మళ్ళీ మొదలైంది. కొందరిలో చాలు అన్నాక కూడా ఆగదట. చెయ్యండి చెయ్యండి అని పోరుతూనే ఉంటుంది, మూలుగ చేస్తూనే ఉంటుంది. రక్తపోటుకి వాడే మాత్రే ఈ పోరుని కూడా తగ్గిస్తుంది, అందుకిచ్చింది. మేమేమో దాన్ని ఆపి, మండే పొయ్యిలోకి కట్టెలు ఎగదోసినట్టు కార్జం, ఇనుము పెట్టాం. తలనొప్పి, చెవుల్లో హోరు కూడా దీనివల్లే వస్తాయని ఆ పిల్ల అంటే, అన్నయ్య నాకు చెప్పినవి అవేనని నేను నోరు జారాను.

వదినకి ఇవేవీ ఎక్కినట్టు లేదు. ఒక్కటే అడిగింది.

"నా కిడ్నీ పోయిందా, డాక్టరమ్మా?"

"ఎక్కడ పోయింది, నానాయ్? బ్రహ్మాండంగా ఉంది. ఉండాల్సినదానికంటే హుషారుగా ఉంది."

వదిన మంచం కమ్మీ పట్టుకుంది. నేను చేతుల్లో మొహం దాచుకున్నాను.

పోరు పెడుతున్నది కొత్త కిడ్నీయో, ఇంకా లోపలే ఉన్న పాతవి మేలుకుని పెడుతున్నాయో కచ్చితంగా చెప్పలేమని డాక్టరు అంది. అన్నయ్య అంతసేపటికి నోరు విప్పాడు.

"ఈమెదే" అన్నాడు. "చాలన్నా ఆపదు. నాకు తెలుసు."

డాక్టరు నవ్వింది, నేను నవ్వాను. వదిన నవ్వలేదు. అన్నయ్య ఆవిడ వైపు తిరిగి, మా ఇద్దరి ముందే అడిగేశాడు.

"లోపలున్నది ఆపలేదు. నువ్వెందుకు మానేశావు, ఫీనా? ఇచ్చినందుకు బాధపడుతున్నావా?"

వదిన మంచం అంచున కూచుంది. చెరువు గట్టు సంగతి అప్పుడు చెప్పింది, నాకు చెప్పినన్ని మాటలు కూడా లేవు. "మా నాన్న నాతో అరుస్తూ పోయాడు" అంది. "నా మాట మీద పోయాడు. హైబ్లడ్ అన్నారు. నువ్వు కూడా నా మాట మీద పోతే నేనెలా బతకను?"

అన్నయ్య చెయ్యి చాపాడు. గోళ్ళ దాకా ఎర్రగా ఉన్న చెయ్యి. ఆవిడ దాన్ని పట్టుకుని మొహానికి ఆనించుకుంది. డాక్టరు తన కాగితాల్లో దేనికోసమో వెతుక్కుంది.

మాత్ర మళ్ళీ మొదలుపెట్టినా పనిచేయడానికి వారాలు పడుతుందని, ఈలోపు కొంత రక్తం తీసేయాలని చెప్పారు. నర్సు వచ్చి అన్నయ్య మోచేతికి సూది గుచ్చి, గొట్టం కింద సంచి పెట్టింది. ఇంకో చేతికి రక్తపోటు చూసే పట్టీ చుట్టి, దాని తీగ పక్కనున్న చిన్న తెరకి తగిలించింది. సంచి మెల్లగా నిండుతుంటే వదిన రెప్ప వేయకుండా చూసింది. అన్నేళ్ళూ సంచిలోంచి ఆయనలోకి పోయే నెత్తురునే చూసింది ఆవిడ, ఆయనలోంచి సంచిలోకి రావడం ఇదే మొదలు. నల్లగా అనిపించేంత చిక్కగా ఉంది.

ఇది ఎవరికిస్తారు అని అడిగింది. రేవులో వాళ్ళు గుర్తొచ్చారో ఏమో.

ఎవరికీ ఇవ్వకూడదంది నర్సు. ఆయన మింగే మందులన్నీ అందులో ఉన్నాయి, పారేయాల్సిందే. వదిన మొహం చిన్నబోయింది. ఒక్కసారి పట్టుకోవచ్చా అని అడిగింది. నర్సు ఒక క్షణం తటపటాయించి, ముడి బిగించిన సంచిని ఆవిడ దోసిట్లో పెట్టింది.

వదిన దాన్ని పసిబిడ్డని ఎత్తుకున్నట్టు రెండు అరచేతుల్లో పట్టుకుంది.

"వెచ్చగా ఉందే" అంది నాతో.

కళ్ళనుంచి నీళ్ళు బొటబొటా కారాయి. నర్సు సంచి అందుకుని తీసుకుపోయింది. వదిన ఖాళీ చేతులు చూసుకుంటూ నిలబడింది. తర్వాత ఏమైందో, తలెత్తి అన్నయ్య వైపు చూసింది.

"ఇంత నెత్తురు ఒంట్లో పెట్టుకుని తలనొప్పి అని ఒక్క ముక్క చెప్పలేదే నాకు? చెల్లెలికి చెప్తావా? నీ పక్కలో పడుకునేదాన్ని నేనా, మీ చెల్లెలా? చెవుల్లో హోరుమంటుంటే బండి నడుపుతావా? ఎవడి మీదకి ఎక్కిద్దామని? కార్జం పెడితే మింగావు, నెత్తురు పులుసు పెడితే మింగావు, రాళ్ళు పెట్టినా మింగేవాడివా? మనిషివా, తూమువా..."

పక్క మంచాల వాళ్ళు తలలెత్తి చూశారు. ఎవరో బామ్మ సిలువ గుర్తు వేసుకుంది. వదిన ఉన్నట్టుండి ఆగిపోయింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మొహంలో చుక్క నెత్తురు లేదు. ఆవిడ చూపు తెర మీదకి వెళ్ళింది, నా చూపూ వెళ్ళింది. నర్సు మా ఇద్దర్నీ చూసి, ఏమీ అడక్కుండా మీట నొక్కింది. అన్నయ్య చేతి చుట్టూ పట్టీ బుసబుసా ఉబ్బింది. తర్వాత మెల్లగా దిగింది. అన్నయ్య కళ్ళు మూసుకుని, కాళ్ళు బారచాపుకుని పడుకుని ఉన్నాడు. పెదవుల చివర చిన్న నవ్వు.

తెర మీద అంకె ఇందాకటి కంటే పెరగలేదు. కాస్త తగ్గింది కూడా.

వదిన దాన్ని వంగి చూసింది. నిలబడి మళ్ళీ చూసింది. ముక్కు చీదుకుని, అన్నయ్య వైపు తిరిగి, ఆపిన చోటు నుంచే అందుకుంది.